అంగన్‌వాడీకి గది ఇచ్చినదెవరు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక్కొక్క శాఖ నుంచి ఒకరు తమ శాఖ పూర్వచరిత్ర గురించి రాయాలని కార్యదర్శి గారు కోరారు. రెవెన్యూ మిత్రులకు, పబ్లిక్ వర్క్స్ వారికి కంపెనీ వారి కాలం నుంచీ రికార్డులున్నాయి. మా మహిళా శిశు సంక్షేమ శాఖ వయసులో చిన్నది. ఉన్న కాగితాలలో కొన్ని ఎలుకలు తిన్నాయి, కొన్ని ఆఫీసులు మారినప్పుడు జీపులోంచి దించకుండానే పోయాయి. కాబట్టి జ్ఞాపకం ఉన్నంతవరకు రాస్తున్నాను. శాఖ చరిత్ర మొత్తం నా వల్ల అయ్యే పని కాదు. ఊళ్ళలో పిల్లలకు ఉచిత కేంద్రం పెట్టాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఆ కేంద్రం ఏ వీధిలో పెట్టాలన్నది ఎలా తేలిందో, ఆ ఒక్క విషయం మాత్రం చెబుతాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది.

చిన్న పిల్లల కేంద్రాలు 1975లో హఠాత్తుగా పుట్టలేదు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953లో ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆ బోర్డు తరఫున, సమాజాభివృద్ధి బ్లాకుల తరఫున గ్రామాలలో బాలవాడీలు నడిచేవి. గ్రామసేవికలు, మహిళా మండలి సభ్యులు వాటిని చూసుకునేవారు. గ్రాంటు వచ్చిన ఏడు నడిచేవి, రాని ఏడు తలుపులు మూసేవారు. తరువాత 1968లో గంగాశరణ్ సిన్హా గారి కమిటీ, 1972లో మీనా స్వామినాథన్ గారి అధ్యయన బృందం నివేదికలిచ్చాయి. తిండి ఒకరు, టీకాలు ఒకరు, ఆటపాటలు ఇంకొకరు చూస్తే లాభం లేదు, బడి ఈడుకు రాని పిల్లలకు అన్నీ ఒకచోటనే అందాలి అన్న ఆలోచన అప్పటికే బలపడింది. 1974 ఆగస్టులో జాతీయ బాలల విధానం వచ్చింది. మరుసటి సంవత్సరం గాంధీ జయంతి నాడు, అంటే 1975 అక్టోబరు 2న, దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలయింది. ఆ 33లో మన అనంతపురం జిల్లా కంబదూరు ఒకటి.

పథకం లెక్క చాలా సులువుగా ఉండేది. లక్ష జనాభా ఉన్న బ్లాకుకు ఒక ప్రాజెక్టు, వెయ్యి మందికి ఒక అంగన్‌వాడీ కేంద్రం. గిరిజన ప్రాంతాలలో 700 మందికి ఒకటి. ఇరవై కేంద్రాలకు ఒక ముఖ్యసేవిక, అందరి మీద ఒక శిశు అభివృద్ధి పథక అధికారి. కేంద్రంలో ఇచ్చే సేవలు ఆరు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, మూడేళ్ళు దాటిన పిల్లలకు ఆటపాటల చదువు. శిక్షణలో ఈ ఆరూ మా చేత కంఠస్థం చేయించారు. ఇవాళ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ఆరింటిలో లేనిదేమిటో నాకు తెలియడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది. అది తరువాత చెబుతాను.

నేను 1981లో ముఖ్యసేవికగా చేరాను. గుంటూరు జిల్లా పడమటి మెట్టలో ఒక సమితికి వేశారు. అప్పటికి మండలాలు రాలేదు, ఇంకా సమితుల కాలమే. ఆ ప్రాంతమంతా మిరప, పత్తి, జొన్న. బస్సు దిగి మూడు నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళవలసిన ఊళ్ళు నా వాటాకు ఏడో ఎనిమిదో వచ్చాయి. మొదటి ఆరు నెలలు కేంద్రాలు లేవు, సర్వే మాత్రమే. ఇంటింటికీ తిరిగి, గోడ మీద జేగురుతో నెంబరు వేసి, ఇంట్లో ఎందరున్నారు, ఆరేళ్ళలోపు వారెందరు, గర్భిణులెవరు, పాలిచ్చే తల్లులెవరు అని రాసుకోవాలి. మా చేతిలో పుస్తకం చూసి ఇళ్ళకు పన్ను వేస్తారని కొందరు, ఆపరేషన్లకు పట్టుకుపోతారని కొందరు పిల్లలను దాచేవారు. ఎమర్జెన్సీ రోజులు అప్పటికి ఎవరూ మరిచిపోలేదు కదా.

నేను చెప్పబోయే ఊరి పేరు రాయను. అక్కడివారు ఇంకా ఉన్నారు. జనాభా సుమారు 1,400. అందులో ఊరికి తూర్పున పల్లెలో 320 మంది దాకా ఉండేవారు. అప్పటి కాగితాలలో హరిజనవాడ అని రాసేవాళ్ళం. మైలు దూరంలో వాగు అవతల సుగాలీ తండాలో 180 మంది. వెయ్యికి ఒకటి లెక్కన ఊరికి ఒకే కేంద్రం మంజూరయింది.

పల్లెలో సర్వే చేసిన రోజు నాకు బాగా గుర్తు. మిరపకోతల కాలం. పదిన్నరకు వెళితే ఇళ్ళలో పెద్దవాళ్ళు లేరు. ఒక ఇంటి వసారాలో ఏడాదిన్నర బిడ్డను నులకమంచం కోడుకు పాతచీర పేలికతో నడుముకు కట్టేసి ఉంది. ఎదురుగా సత్తుగిన్నెలో నీళ్ళు, ఎండిన జొన్నరొట్టె ముక్క. ఎనిమిదేళ్ళ అక్క పక్కనే కూర్చుని ఈగలు తోలుతోంది. ఎందుకు కట్టేశారమ్మా అని అడిగితే, పొయ్యి దగ్గరికి పోతాడండీ, నేను నీళ్ళకు పోవాలగదా అంది. బడికి పోవా అంటే నవ్వింది. సర్వే పుస్తకంలో ఆ బిడ్డకు ఒక గడి ఉంది, రాశాను. ఆ పిల్లకు గడి లేదు. ఆమెకు ఆరేళ్ళు దాటిపోయాయి.

ఇక గది సంగతి. ఇప్పటి ఉద్యోగులకు ఆశ్చర్యంగా ఉండవచ్చు కానీ, పథకంలో గ్రామాలలో కేంద్రానికి భవనం లేదు, అద్దె కూడా లేదు. ప్రజల భాగస్వామ్యం అన్నారు. ఊరివారు ఉచితంగా గది ఇవ్వాలి. ప్రభుత్వం కార్యకర్తను, ఆయాను, తిండిని ఇస్తుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కేంద్రం బీదవారికి, షెడ్యూల్డు కులాల వారికి దగ్గరగా ఉండాలని మార్గదర్శకాలలో కూడా ఉంది. అయితే రెండు వాక్యాలూ ఒక్క ఊళ్ళో కలిసి నిలబడేవి కావు. పల్లెలో మిగులు గది ఎవరికుంటుంది? ఒక్క గది ఇంట్లోనే పొయ్యి, మంచం, మేక ఉండే చోట ఉచితంగా ఇవ్వడానికి ఏముంటుంది? గది ఇవ్వగలిగినవారు ఊరి నడుమ ఉంటారు.

ఆ ఊరి పెద్ద ఒకాయన తమ ఇంటిని ఆనుకున్న పాత ధాన్యపుకొట్టు ఇస్తామన్నారు. పెంకుటిల్లు, ముందు అరుగు, పక్కన బావి. సున్నం కూడా తామే వేయించారు. మాకు మజ్జిగ ఇచ్చి, అమ్మాయ్, పిల్లల పని పుణ్యం గదా అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. నాకప్పుడు 27 ఏళ్ళు. నెలాఖరులోగా అన్ని ఊళ్ళకూ గదులు చూపాలని ఒత్తిడి ఉంది. గది చూపని ఊరికి మంజూరు వెనక్కు పోతుందని పైనుంచి చెప్పారు. నమూనాలో ‘కేంద్రం అన్ని వర్గాల వారికి అందుబాటులో ఉన్నదా?’ అని ఒక ప్రశ్న. ఉన్నది అని రాసి సంతకం పెట్టాను. నా పొరపాటు అదే. ఆ అరుగు ఎక్కడానికి పల్లె పిల్లలు ఎటు నుంచి రావాలో నాకు తెలియక కాదు.

కేంద్రం 1982లో తెరిచారు. కార్యకర్త అదే ఊరి బి.సి. కుటుంబపు కోడలు, మెట్రిక్ పాసయిన మనిషి. పథకం మొదలయినప్పుడు కార్యకర్తకు నెలకు మెట్రిక్ లేనివారికి 100, ఉన్నవారికి 150 రూపాయలు, ఆయాకు 35 ఇచ్చేవారు. 1978లో కార్యకర్తకు 25 పెంచారు. కాబట్టి ఆమెకు వచ్చినది 175 రూపాయలు. జీతం అనకూడదు, గౌరవ వేతనం అనాలి. ఆ మాటలోని తేడా ఆమెకు ముప్పయి ఏళ్ళ తరువాత అర్థమయింది.

కేర్ వారి గోధుమ రవ్వ, డబ్బాలలో నూనె వచ్చేవి. ఉప్మా వండేవారు. పిల్లకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు, సంవత్సరానికి 300 రోజులు అని లెక్క. ఊరివాళ్ళు మా కేంద్రాన్ని రవ్వబడి అనేవారు. రిజిస్టరులో పల్లె పిల్లలు పధ్నాలుగు మంది. నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరో ముగ్గురో కనిపించేవారు. వాళ్ళూ గడప పక్కనే కూర్చునేవారు. ఎవరు కూర్చోబెట్టారని అడిగితే ఎవరూ కూర్చోబెట్టలేదనే అందరూ చెప్పేవారు. తండా నుంచి ఒక్కరు కూడా లేరు. వాగు దాటి మూడేళ్ళ పిల్ల ఎలా వస్తుంది?

ఒకసారి పల్లెలోకి వెళ్ళి, పిల్లలను పంపడం లేదేమని ఒక పెద్దామెను అడిగాను. ఆమె నన్నేమీ నిష్ఠూరమాడలేదు. ఆ బావి కాడికి మేమే పోము తల్లా, పసిబిడ్డలు దప్పికైతే ఎవరినడుగుతారు అంది. తాగే నీటి సంగతి నా నమూనాలో ఉంది. ‘మంచినీటి వసతి: ఉన్నది.’

దారి చూపినది మా కార్యకర్తే. నాకు చెప్పకుండానే, పన్నెండింటికి ఊరి పిల్లలకు పెట్టడం అవగానే, మిగిలిన ఉప్మాను మూతగిన్నెలో పెట్టి ఆయా నెత్తిన పెట్టించుకుని పల్లెకు వెళ్ళేది. అక్కడ చర్చి ముందు వేపచెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టి, పాట చెప్పి, తిండి పెట్టి, రెండున్నరకు ఇల్లు చేరేది. నెల గడిచేసరికి అక్కడ ఇరవై మందికి పైగా పోగయ్యారు. అత్తగారింట్లో మాటలు పడింది. రేవులో స్నానం చేసి గానీ వంటింట్లోకి రానివ్వలేదని ఆయా చెప్పింది, ఆమె చెప్పలేదు.

ఇది నిబంధనలకు విరుద్ధం. తిండి కేంద్రంలోనే, కార్యకర్త కళ్ళ ముందే తినాలి. బయటకు తీసుకుపోరాదు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చూశారు. అనుమతి లేని స్థలంలో ఆహారం పంచడానికి కారణమేమి, ముఖ్యసేవిక పర్యవేక్షణ ఏమయినది అని మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆమె మెమో పట్టుకుని బస్సెక్కి నా దగ్గరకు వచ్చింది. ఉద్యోగం పోతుందా మేడమ్ గారూ అని అడిగింది. పోదని చెప్పానే గానీ నాకూ భయంగానే ఉంది. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు.

అప్పుడు నాకు ఉపయోగపడినది శిక్షణలో చెప్పిన ఒక పాఠం. మహారాష్ట్రలో సముద్రతీరాన బోర్డి అనే ఊళ్ళో తారాబాయి మోడక్ గారు 1945లో పల్లె పిల్లలకు బాలవాడి పెట్టారు. అనుతాయి వాఘ్ గారు ఆమెకు తోడు. ఊళ్ళో బాలవాడి బాగానే నడిచింది కానీ, దళితవాడల పిల్లలు, ఆదివాసి పిల్లలు రాలేదు. రానివారిని తప్పుపట్టకుండా వీరే వారి ఇళ్ళ ముంగిళ్ళకు వెళ్ళి, చెట్టు కింద, వాకిట్లో, అక్కడ దొరికే గింజలు, ఆకులు, గవ్వలతోనే పాఠం చెప్పారు. ముంగిట్లో నడిచే బడి కాబట్టి అంగన్‌వాడి. తరువాత 1957లో వారు తమ పని కోస్‌బాడ్ కొండమీదికి మార్చారు. ముప్పయి ఏళ్ళకు ప్రభుత్వం ఆ పేరు తీసుకుంది. పేరుతో పాటు ఆ నడక కూడా తీసుకుని ఉంటే మాకు మెమోలు వచ్చేవి కావు.

నా వివరణలో ఇదే రాశాను. అంగణమనగా వాకిలి, కార్యకర్త పిల్లల వాకిటికి వెళ్ళడం పథకం పేరుకు తగినదే గాని విరుద్ధం కాదని మనవి చేసుకుంటున్నాను అని. గది ఎంపికలో నా నివేదిక సరికాదని, పల్లెలో విడిగా కేంద్రం మంజూరు చేయవలసినదని కూడా రాశాను. ఆ వివరణకు జవాబు ఇప్పటివరకు రాలేదు. మెమో ఉపసంహరించినట్టూ లేదు, శిక్ష వేసినట్టూ లేదు. మన ఆఫీసుల సంగతి చదువరులకు తెలియనిది కాదు. వేపచెట్టు కింద బడి మాత్రం నేను బదిలీ అయ్యేవరకు నడిచింది.

ఇక ఆరు సేవలలో లేనిది. వేపచెట్టు కింద కూడా ఆ మంచానికి కట్టేసిన బిడ్డ లేడు. మూడేళ్ళలోపు బిడ్డకు కేంద్రంలో తూకం ఉంది, టీకా ఉంది, తిండి ఉంది. తల్లి కూలికి పోయినప్పుడు చూసుకునేవారు లేరు. మా కేంద్రం తొమ్మిదింటికి తెరిచి ఒంటిగంటకు మూసేది. మిరపకోతకు పోయే తల్లి తెల్లవారుజామున వెళితే పొద్దుగూకి వస్తుంది. ఆ నాలుగు గంటలు ఎవరికి సరిపోతాయో వారికే సరిపోయాయి. ప్రణాళిక వేసినవారు జనాభాను లెక్కపెట్టారు గానీ తల్లుల పనిగంటలను లెక్కపెట్టలేదు.

శిశుగృహం అన్న ఆలోచన దేశంలో లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నది. 1976 సవరణలో దానిని ముప్పయికి తగ్గించారు. 1969లో ఢిల్లీలో, గాంధీ శతజయంతి పనులు జరుగుతున్న చోట కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహదేవన్ గారు డేరా వేసి మొబైల్ క్రెష్ మొదలుపెట్టారు. ఫ్యాక్టరీకి గేటు ఉంది, యజమాని ఉన్నాడు, కాబట్టి చట్టం తగులుతుంది. మిరపచేనుకు గేటు లేదు. రోజుకొక చేను, రోజుకొక ఆసామి. ఆ తల్లుల కోసం ఊళ్ళోనే ఏదైనా ఉండాలి. ఉన్నది మా అంగన్‌వాడీ ఒక్కటే, అది ఒంటిగంటకు తాళం వేస్తుంది. ఉపాధి హామీ చట్టం వచ్చాక పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే ఒక మనిషిని చూసుకోవడానికి పెట్టాలని నిబంధన పెట్టారు. నేను చూసిన పనిచోట్లలో అటువంటి మనిషి కనిపించినవి వేళ్ళ మీద లెక్కించవచ్చు. కేంద్రంతో పాటే శిశుగృహం నడపాలన్న ఆలోచన 2012-13లో పథకాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు నూటికి ఐదు కేంద్రాలకు అని వచ్చింది. 2022 నుంచి పాల్నా పేరుతో, అంటే హిందీలో ఊయల, 17,000 కేంద్రాలకు లక్ష్యం పెట్టారు. దేశంలో కేంద్రాలు దాదాపు 14 లక్షలని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎంతో తెలుస్తుంది.

వాడలకు, తండాలకు కేంద్రాలు రావడానికి శాఖ కంటే సుప్రీంకోర్టు ఎక్కువ కారణమంటే మా మిత్రులు కొందరికి కష్టంగా ఉంటుంది గానీ అది నిజం. ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న ప్రతి ఆవాసానికీ కేంద్రం ఉండాలని కోర్టు ఆదేశించింది. షెడ్యూల్డు కులాల, తెగల ఆవాసాలకు త్వరగా ఇవ్వాలని 2004 అక్టోబరులో చెప్పింది. 2006 డిసెంబరు 13న 14 లక్షల కేంద్రాలు కావాలని, నలభై మంది పిల్లలుండి అడిగిన చోట మూడు నెలల్లో తెరవాలని చెప్పింది. దాని తరువాతనే జనాభా లెక్క మారింది. 400 నుంచి 800 మందికి ఒక కేంద్రం, అంతకు తక్కువైతే మినీ కేంద్రం. గిరిజనులైతే 150 మందికే మినీ. ఊరిలో మనుషులు పెరగలేదు, గీత జరిగింది. 1982లో సున్నా అయిన తండా గీత జరగగానే కేంద్రానికి అర్హమయింది.

నేను అప్పటికి వేరే ప్రాజెక్టులో పథక అధికారిని. ఏదో పని మీద అటు వెళ్ళినప్పుడు ఆ ఊరిలో దిగాను. పల్లెలో విడిగా కేంద్రం వచ్చింది, అద్దె గదిలో. పల్లెకు చెందిన అమ్మాయే కార్యకర్త. తండాలో మినీ కేంద్రం తెరిచారు. ధాన్యపుకొట్టు కూలిపోయింది, కేంద్రం బడి ఆవరణలోకి మారింది. పాత కార్యకర్త అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. ఆ మంచం ఇంటి అక్క ఏమయిందని అడిగాను. పెళ్ళయి సత్తెనపల్లి వైపు వెళ్ళిందని, ఆమె బిడ్డలు ఇద్దరూ అంగన్‌వాడీకే పోయారని చెప్పింది. ఆమె తమ్ముడి గురించి అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

నేను 2012లో పదవీ విరమణ చేశాను. పింఛను వస్తోంది, కరువు భత్యం ఆలస్యమైనా వస్తోంది, మన సంఘంలో సభ్యురాలిని. ఆ కార్యకర్తకు ఇవేవీ లేవు. గౌరవ వేతనం మీద పనిచేసిన మనిషికి పింఛను ఉండదు. మన నియమావళి ప్రకారం సంఘంలో సభ్యత్వానికి కూడా అర్హత లేదు. అంగన్‌వాడీ కార్యకర్తలు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తరువాత కూడా 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్‌లో వారు 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. వారు కోరిన వాటిలో గ్రాట్యుటీ ఒకటి. ఆ రోజుల్లో మన సంఘం సమావేశంలో మద్దతు తీర్మానం చేద్దామని నేను ప్రతిపాదిస్తే, వారు ఉద్యోగుల కిందికి రారని ఒక పెద్దలు అన్నారు. తీర్మానం తరువాతి సమావేశానికి వాయిదా పడింది. తరువాతి సమావేశం అజెండాలో అది లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో మళ్ళీ పెడతాను.

మరొక మనవి. 1980 ప్రాంతాల నాటి సర్వే పుస్తకాలు, గదుల ఎంపిక నివేదికలు, తనిఖీ నోట్లు మా శాఖ మిత్రులెవరి దగ్గరైనా ఉంటే పారవేయవద్దు. నా సర్వే పుస్తకాలలో రెండు మిగిలాయి. ఒకదానిలో పల్లె ఇళ్ళ నెంబర్లు 61 నుంచి మొదలవుతాయి.